మా ఇంట్లో మెదడు వైద్యం

నవ్వేవాళ్ళు ముందే నవ్వేసుకోండి. మధ్యలో నవ్వితే నేను చెప్పను. ఇప్పటికే మా వీధి మొత్తం నవ్వింది, మీరు కొత్తగా నవ్వి నాకు చేసే నష్టమేమీ లేదనుకోండి.

నా పేరు హజరత్తయ్య. తడ అనే ఊరికి అవతల, పులికాట్ సరస్సు ఒడ్డున మా ఊరు. నేను వల వేసి చేపలు పడతాను, నా భార్య పేరమ్మ వాటిని అమ్ముతుంది. అమ్మకం పోగా మిగిలిన సమయంలో నాకు పనులు చెబుతుంది. కారుతున్న రేకు మార్చమంటుంది, నీళ్ళతొట్టి కడగమంటుంది. నా జవాబు ఎప్పుడూ ఒకటే: రేపు.

ఆ మధ్య మా ఊరి బడికి డాక్టర్లు వచ్చారు. యాభై దాటినవాళ్ళ మెదడు ఎలా ముసలిదవుతుందో పరిశోధన చేస్తున్నారట. అయిదు మాటలు చెప్పి, కాసేపు ఊరి కబుర్లాడి, ఆ మాటలే మళ్ళీ చెప్పమన్నారు. గడియారం బొమ్మ గీయమన్నారు. ఇంతా చేసి, ఫలితం తర్వాత చెబుతామన్నారు.

చివర్లో ఉష అనే డాక్టరమ్మ అందరినీ చాపల మీద కూర్చోబెట్టి వివరించింది. మనిషి వయసు వేరు, మెదడు వయసు వేరట. కొందరికి మెదడు ముందే ముసలిదైపోతుందట. "అలాంటివాళ్ళు చెప్పిన పని మర్చిపోతారు. ఇంట్లోవాళ్ళు కోప్పడకూడదు, ఓపిగ్గా చూసుకోవాలి" అంది.

కోప్పడకూడదు! ఆ ఒక్క మాట చెవిన పడ్డాక నాకింకేమీ వినబడలేదు. నా వెనక కూర్చున్న పేరమ్మ మాత్రం చివరిదాకా విన్నది. నా కొంప మునిగింది అక్కడే.

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాను.

"రేకు ఎప్పుడు మారుస్తావు మామా?" అంది పేరమ్మ.

"ఏ రేకు?"

"నిన్న జెప్పిన రేకు."

"నిన్న జెప్పినావా? నాకు?" అంటూ నుదురు రుద్దుకున్నాను.

మామూలు రోజైతే ఆమె అరుపుకి సరస్సులో కొంగలన్నీ లేచిపోయేవి. ఆ రోజు గరిటె కింద పెట్టి, నా ముఖంలోకి చూసి, "పోన్లే మామా, కూసో" అంది. మా కాపురంలో 'పోన్లే' అనే మాట వినడం నాకు అదే మొదలు.

ఆశ పెరిగింది. తొట్టి మర్చిపోయాను. బావమరిది చిన్నబాబు కూతురికి తడలో చెవులు కుట్టించే వేడుక కూడా మర్చిపోయాను. ఆ పూట పులుసులో తలకాయ ముక్క నా కంచంలోనే పడింది. మా అత్త, అంటే పేరమ్మ తల్లి, చివరి రోజుల్లో ఇదే మతిమరుపు జబ్బుతో కన్నకూతుర్నే గుర్తుపట్టలేదు. అది తలపుకొచ్చింది. అయినా తలకాయ ముక్క వదల్లేదు.

వారం తిరక్కుండానే వైద్యం మొదలైంది.

"డాక్టరమ్మకి ఫోన్ చేసినా. ఉప్పు తగ్గియ్యాలంట" అంది పేరమ్మ. ఇంట్లో ఎండు చేప మాయమైంది. జాలరి కొంపలో ఎండు చేప లేదని బయట చెప్పుకుంటే పరువుంటుందా?

"రోజూ నడవాలంట. కల్లు మానెయ్యాలంట, మెదడుకి చేటంట."

"ఎవురు జెప్పినారు?"

"క్యాంపులో నువ్వూ ఇన్నావు గదా మామా. అదీ మర్చిపోయినావా, పాపం!"

గుర్తుందంటే దొరికిపోతాను, లేదంటే కల్లు పోతుంది. కల్లే పోయింది.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. ఇంతవరకు చెయ్యని పనులు కొత్తగా నేర్చుకుంటే మెదడు పడుచుగా ఉంటుందట. మా ఇంట్లో నేను ఇంతవరకు చెయ్యని పనులేమిటని లెక్క తీస్తే, ఊడవడం, ఉతకడం, అంట్లు తోమడం, పిండి రుబ్బడం... అన్నీ కొత్తవే తేలాయి. గ్రైండరు మూత పెట్టాలని నాకెవరూ చెప్పలేదు. పిండంతా ఎగిరి గోడకి పట్టి, సున్నం వేసే పని ఆ ఏటికి తప్పింది.

నేను అంట్లు తోముతుంటే మా వీధి ఆడవాళ్ళు మొగుళ్ళను వెంటబెట్టుకొచ్చి చూపించారు. "చూడు, నేర్చుకో" అని ఒకామె, "ముందే మొదలుపెడితే మంచిదంట" అని ఇంకొకామె. మగవాళ్ళు నన్ను చూసినట్టు శత్రువుని కూడా ఎవరూ చూడరు.

ఇదంతా ఓర్చుకున్నాను. కానీ వ్యవహారం నా వల దాకా వచ్చింది.

మా సరస్సులో ఎవరు ఎప్పుడు ఎక్కడ వల వెయ్యాలో పెద్దలు వంతులు కడతారు. దాన్ని పాడు అంటాం. సముద్రం నీళ్ళు సరస్సులోకి వచ్చే ముఖద్వారం దగ్గర చోటు అన్నిటికన్నా మంచిది. రొయ్యల కాలంలో ఆ చోటు దొరకాలంటే ఏళ్ళ తరబడి కాచుకోవాలి. ఈసారి అది నాకొచ్చింది.

వంతులు కట్టే సభలో ఊరి పెద్ద ముత్యాలయ్య నా పేరు పిలవగానే పేరమ్మ లేచింది. "పెద్దయ్యా, మా ఆయనకి మతిమరుపు. యాడ వలేసినాడో మర్చిపోతే? నీళ్ళల్లో దారి మర్చిపోతే? ఈసారి ఆ వంతు మా తమ్ముడికి ఇయ్యండి."

చిన్నబాబు అప్పటికే వల భుజాన వేసుకొచ్చాడు. "నువ్వు రెస్టు తీసుకో బావా" అన్నాడు ఎంతో ప్రేమగా.

నాకు ఒళ్ళు మండింది. "నాకే మతిమరుపూ లేదు!"

"ఉన్నోడు ఉండాదని ఒప్పుకుంటాడా?" అన్నాడు ముత్యాలయ్య.

"ఏదన్నా అడగండి! జెప్పకపోతే చూడండి!"

"నువ్వే అడుగు పేరమ్మా."

"ఇంటి రేకు ఎప్పుడినించి కారతండాది?"

"పోయిన తుపాను నించి."

"ఎవురు మారుస్తామన్నారు?"

"...నేనే."

"తొట్టి కడగమని జెప్పినానా?"

"జెప్పినావు. రెండుసార్లు."

"తడలో చెవులు కుట్టింది ఎప్పుడు?"

"శుక్రవారం పొద్దున. కోడి బిర్యానీ" అన్నాను అదే వరసలో.

చిన్నబాబు వల కింద పడేశాడు. "గుర్తుండే రాలేదా బావా?"

సభ గొల్లుమంది. ముత్యాలయ్య పైగుడ్డతో కళ్ళు తుడుచుకుంటూ వంతు నాదేనని తీర్పిచ్చాడు. వంతు దక్కింది, పరువు పోయింది.

ఇంటికొచ్చే దారిలో పేరమ్మని అడిగాను. "నాది నాటకమని నీకెప్పుడు తెలిసింది?"

"డాక్టరమ్మకి ఫోన్ చేసి నీ ఫలితం అడిగిన రోజే. నీ మెదడు కుర్రోడి మెదడంట. వాడకుండా దాచిపెట్టినాడు, కొత్తగా ఉండక ఏమయిద్ది అనుకున్నా." ఆమె ఉన్నట్టుండి ఆగింది. కళ్ళల్లో నీళ్ళు. "మా అమ్మ నన్ను చూసి ఎవురు పాపా నువ్వు అనింది మామా. అట్టాంటి జబ్బుతో ఆటలాడతావా?"

నాకు నిజంగా సిగ్గేసింది. "తప్పయింది మే పేరమ్మా" అన్నాను. ఆ మాట మనసులోంచే వచ్చింది.

కాసేపు నడిచాక మెల్లగా కదిపాను. "జబ్బు లేదని తేలింది గదా. ఇంక వైద్యం ఎందుకు?"

పేరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "డాక్టరమ్మ ఇంకో మాట జెప్పింది, నువ్వు ఇన్లా. ఆ జబ్బు బయటపడేదానికి ఇరవై ఏండ్ల ముందే లోపల మొదలయిద్దంట. అందుకని బాగుండంగానే జాగర్త పడాలంట."

ఆ వారం నా వంతు చోట రొయ్యలు విరగబడ్డాయి. అంతటి పంట మా ఊళ్ళో ఈమధ్య ఎవరూ చూడలేదు. గంపలు దించి, మీసం దువ్వుకుంటూ అరుగు మీద కూర్చున్నాను. పేరమ్మ అన్నిటికన్నా పెద్ద గంప తెచ్చి నా ముందు పెట్టింది.

"రొయ్యలు ఒలవడం ఇంకా నేర్చుకోలేదు గదా మామా" అంది.