రెండులోంచి మూడు తీసిన ముంగిస పిల్ల

ఒక పెద్ద అడవిలో సింహాలకి కొదవ లేదు గానీ బడి మాత్రం ఒక్కటే. దానికి హెడ్మాస్టరు దున్నపోతు చెంచయ్యగారు. మేసింది నెమరేస్తేనే ఒంటబట్టినట్టు, చెప్పింది మళ్లీ మళ్లీ చెప్పిస్తేనే చదువొస్తుందని ఆయన నమ్మకం. ఏడాది పొడుగునా పిల్లల చేత ఒకటి నుంచి పది వరకే నెమరు వేయించేవారు.

ఆ బడిలో చదివే ముంగిస పిల్ల బుల్లెమ్మకి రోజూ పొద్దున్నే కడుపునొప్పి. సెలవునాడు మాత్రం రాదు. తల్లి కోటమ్మ ఆకుపసర్లు పోసి పోసి, చివరికి పక్కన కూర్చుని అడిగింది.

"నిజం చెప్పు తల్లీ, బడిలో ఏమైంది?"

"రెండులోంచి మూడు పోదంటారమ్మా సారు. ఎందుకు పోదు? నేల సున్నా అనుకో. రెండు బారల ఎత్తునున్న ఉడుత మూడు బారలు దిగితే ఎక్కడుంటుంది?"

"ఎక్కడుంటుంది?"

"మన కలుగులో. సున్నాకి ఒక బార కింద."

కోటమ్మకి లెక్క సగమే అర్థమైంది. పిల్ల కళ్లు చాన్నాళ్లకి మెరిశాయన్నది మాత్రం పూర్తిగా అర్థమైంది. ఆ పూటే బడికెళ్లింది.

"మా పిల్లకి కాస్త కష్టమైన లెక్కలివ్వండి మాస్టారూ."

"దానికేం భాగ్యం? అందరూ పదిసార్లు రాస్తే మీ పిల్ల ఇరవైసార్లు రాస్తుంది."

"అది ఎక్కువ పనండీ, కష్టమైన పని కాదు."

చెంచయ్యగారు నెమరు ఆపారు. ఆయనకి కోపం వచ్చిందనడానికి అదే గుర్తు.

"మందని దాటిన దూడ పులినోట పడుతుందమ్మా. రేపట్నుంచి పాఠం దాటి మాట్లాడినవాళ్లు బయట నిలబడాలి."

మర్నాడే బుల్లెమ్మ బయటికొచ్చింది. అన్నం తీసుకెళ్లిన కోటమ్మ పిల్లని అలా చూసి గబగబా నడిచింది. తీరా దగ్గరికెళితే, పిల్ల చెట్టుమొదలు మీద గీతలు గీస్తూ కూనిరాగం తీస్తోంది.

కోటమ్మ పక్కనే చతికిలబడింది. "సున్నా కింద ఉన్నదాంట్లోంచి ఇంకా తీసేస్తే?"

"నీకు తెలుసా అమ్మా?"

"తెలీదు. ఇద్దరం చూద్దాం పద."

వాళ్ల నవ్వులు గదిలోకి వినబడ్డాయి. ఉడుత పిల్ల లేచి, "పది తర్వాత పదకొండు సార్" అంది. బయటికి పంపారు. కుందేలు పిల్ల పన్నెండు అంది. వారం తిరిగేసరికి గదిలో మిగిలింది చెంచయ్యగారూ, నిద్రపోతున్న తాబేలు పిల్లా.

అప్పుడే తనిఖీకి నక్క ఇన్‌స్పెక్టరు దిగాడు. చెట్లెక్కుతూ, కలుగుల్లో దూరుతూ లెక్కలు చేస్తున్న పిల్లల్ని చూసి తోక ఆడించాడు.

"ఎవరి ఆలోచన ఇది?"

"నాదేనండి," అన్నారు చెంచయ్యగారు, కోటమ్మకేసి చూస్తూ. "మొదట్లో తల్లిదండ్రులు కొంచెం అడ్డుపడ్డారు."

ఆయనకి పూలదండ పడింది. అడవంతటా ఆరుబయట చదువే చెప్పాలని ఉత్తర్వు వచ్చింది. దేనికైనా ఒక పద్ధతుండాలి కాబట్టి, లెక్క పది దాటకూడదని కింద ఒక ముక్క కలిపారు.

సోమవారం నాడు చెట్టుకింద "ఒకటి... రెండు..." మొదలైంది. బుల్లెమ్మ పదకొండు అంది. ఈసారి గదిలోకి పంపారు. ఆ వెనకే ఉడుత పిల్ల, కుందేలు పిల్ల వెళ్లాయి. ఆఖర్న కోటమ్మ చుట్టూ చూసి లోపలికి నడిచి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది.

పిల్లలకి లెక్కలు బాగా రావాలంటే, వాటిని పెద్దలు మెచ్చుకోకుండా కాపాడుకోవాలి.