స్టేషన్ మాస్టరు కోటు, అత్తగారి కుర్చీ

బుధవారం ఉదయం దర్జీ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదింటికి కొట్టు తెరవాలి. తొమ్మిదింటికల్లా స్టేషన్ మాస్టరు గారి కోటు గుడ్డ బల్ల మీద పరచాలి. మధ్యాహ్నం భోజనానికి లేచేలోగా కత్తిరింపు ముగించాలి. శనివారం మాస్టరు గారి పదవీ విరమణ సభ. ముప్పై ఏళ్లు రైళ్లకు జెండా ఊపిన మనిషి ఆ సాయంత్రం కొత్త కోటు తొడుక్కుని వేదిక మీద కూర్చోవాలి. ఇందులో తలకిందులయ్యేది ఏముంటుందని దర్జీ అనుకున్నాడు. ఒక్కటే లోటు. వెనక వంటింట్లోంచి టీ వాసన గుప్పుమంటోంది గానీ, టీ మాత్రం ఎంతకీ కొట్లోకి రావడం లేదు.

అడుగుదామని లేచి, నడిమి గది గుమ్మం దగ్గర ఆగిపోయాడు. లోపల కత్తెర చప్పుడు వినిపిస్తోంది. గుడ్డ కోసే కత్తెర కాదు. చిన్నది, కాగితాలది. ఆ చప్పుడు విని రెండేళ్లయింది.

ఒకప్పుడు ఆ ఇంట్లో అది రోజూ వినిపించేది. దర్జీ భార్య, ఆవిడ తల్లి కలిసి ఒక పెద్ద పుస్తకంలో ఫొటోలు, రైలు టిక్కెట్లు, బిస్కెట్ పొట్లాల రంగు కాగితాలు అందంగా కత్తిరించి అతికించేవారు. దాన్ని స్క్రాప్ బుక్ అనాలని దర్జీ కూతురు చెప్పింది గానీ, ఇంట్లో అది అతికింపుల పుస్తకంగానే స్థిరపడింది. పొట్లం ఏది వచ్చినా అత్తగారు విప్పి, చేత్తో సాపు చేసి, పరుపు కింద దాచేది. తర్వాత ఆవిడే మంచాన పడింది. ఏడాదిన్నర దర్జీ భార్యే అన్నీ తానై చేసింది. అత్తగారు పోయాక పరుపు ఎత్తితే దాని కింద జానెడు ఎత్తున కాగితాలు. భార్య వాటిని పెట్టెలో పెట్టి మూసేసి, మళ్లీ తెరవలేదు. పుస్తకం సగంలో ఆగిపోయింది. మనిషి కూడా సగంలోనే ఆగిపోయిందని దర్జీకి లోలోపల బెంగ.

అందుకే ఇప్పుడు ఆ చప్పుడు వినగానే అతని గుండె పూరీలా పొంగింది. పిల్లిలా రెండడుగులు వేసి తొంగిచూశాడు. భార్య కింద కూర్చుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, ఖాకీ కాగితంలోంచి ఒక కుర్చీ బొమ్మ కత్తిరిస్తోంది. కొట్లో మూలన కూర్చుని అత్తగారు గుండీలు కుట్టే కుర్చీ అది. మిగిలిన ఖాకీ ముక్క మీద పెన్సిలు రాత కనిపించింది. "స్టేషన్ మాస్టరు, వీపు."

దర్జీ పొంగిన గుండె అక్కడికక్కడే చప్పబడింది. వెనక్కి తిరిగి కొట్లోకి చూశాడు. గోడకు రెండు మేకులు. ఒక మేకుకు అతని సొంత చొక్కా నమూనా, పెళ్లినాటిది, వేలాడుతోంది. రెండో మేకు బోసిగా ఉంది. మాస్టరు గారి కోటు నమూనా, అంటే ఏ ముక్క ఎంత కోయాలో చూపించే కాగితాలు, ఇరవై రెండేళ్లుగా ఆ మేకుకే ఉండేవి.

"వచ్చారా? ఇదిగో, మాస్టరు గారి కాగితాలు..." అంటూ భార్య తలెత్తింది.

"ఏమీ చెప్పకు. నీ పని నువ్వు చూసుకో. కుర్చీ అచ్చం అలాగే ఉంది," అన్నాడు దర్జీ గాబరాగా.

"అది కాదండీ, నేను చెప్పేది..."

"చెప్పక్కర్లేదన్నానుగా. నెమ్మదిగా, నీకు ఓపికున్నంత వరకే చేసుకో." ఇంత మెత్తగా అతను పెళ్లిచూపుల్లో కూడా మాట్లాడలేదు. భార్య అతని వంక ఒకసారి చూసి, నిట్టూర్చి, మళ్లీ కత్తెర ఆడించింది.

దర్జీ కొట్లోకొచ్చి పక్క వీధిలో ఉండే కూతురికి ఫోన్ చేసి గుసగుసగా సంగతి చెప్పాడు. "నాన్నా, ఒక్క మాట అన్నావో, అమ్మ మళ్లీ పెట్టె మూసేస్తుంది. ఈసారి జన్మలో తెరవదు. కోటు సంగతి నువ్వే ఏదో ఒకటి చూసుకో," అని కూతురు పెట్టేసింది.

చూసుకోవడం అంత తేలిక కాదు. స్టేషన్ మాస్టరు గారికి లోకంలో ఒక్కటే గర్వం. ఇరవై రెండేళ్లలో తన ఒంటి కొలత నూలుపోగంత కూడా మారలేదని. ఏడు కోట్లు కుట్టించారు, ఒక్కసారీ టేపు పట్టనివ్వలేదు. "నా కాగితం మేకుకుంది, కుట్టు," అనేవారు. దర్జీ కూడా వచ్చిన వాళ్లందరికీ మేకు చూపించి, ఆయన ఒంటినీ తన కాగితాన్నీ కలిపి పొగిడేవాడు. మొదటి కొలతల పుస్తకం ఎప్పుడో చెదలు తినేసింది. ఇప్పటి పుస్తకంలో మాస్టరు గారి పేజీ నిండా "పాతదే" అని మాత్రం ఉంది. పాత కోటు తెచ్చుకుని కొలుద్దామంటే అది ఆయన ఒంటి మీదే ఉంటుంది. ఇప్పుడు టేపుతో వెళితే ఎందుకని అడుగుతారు. కాగితం ఏమైందంటే ఏం చెప్పాలి? చెబితే సాయంత్రానికల్లా పరామర్శకు ఇంటికే వస్తారు, భార్యకు తెలిసిపోతుంది.

బాగా ఆలోచించి దర్జీ స్టేషన్‌కు బయల్దేరాడు. మాస్టరు గారు గదిలో ఏదో రాసుకుంటున్నారు. దర్జీ తిన్నగా వెళ్లి ఆయన్ను లేవదీసి గట్టిగా కౌగిలించుకున్నాడు. చేతులు ఎక్కడ కలిశాయో గుర్తుపెట్టుకున్నాడు.

"ఏమయ్యా, ఏమైంది?" అన్నారు మాస్టరు గారు ఊపిరాడక.

"ఏం లేద్సార్. మళ్లీ దొరకరు కదా మీరు," అన్నాడు దర్జీ. పదవీ విరమణ గురించే అన్నాడు పాపం. కిటికీ అవతల టిక్కెట్లిచ్చే అమ్మాయి చిల్లర లెక్కపెట్టడం ఆపి ఇటు చూసింది.

దర్జీ చేతుల్ని ఆ గుండ్రం అలాగే చెదరకుండా పట్టుకుని వీధిలో పడ్డాడు. ఇంటికెళ్లి ఆ చేతుల మధ్య టేపు వేస్తే ఛాతీ కొలత వచ్చేస్తుంది. కనిపించని కుండ మోస్తున్నట్టు నడుస్తున్న అతన్ని చూసి ఎదురొచ్చిన వాళ్లు పక్కకు తప్పుకున్నారు. ఇల్లు నాలుగడుగులుందనగా పుస్తకాల షాపు యజమాని గబగబా మెట్లు దిగొచ్చాడు.

"చేతులు చాపుకునే వస్తున్నారే, మంచిది. మీ ఆవిడ పొద్దున ఫోన్ చేసి జిగురు డబ్బాలు, రంగు కాగితాలు అడిగింది. రెండేళ్ల తర్వాత ఆవిడ గొంతు విన్నానండీ, ఎంత సంతోషమేసిందో," అంటూ పెద్ద అట్టపెట్టె ఆ చేతుల్లో పెట్టేశాడు. పెట్టె జారబోయింది. దర్జీ ఒడిసిపట్టాడు. కొలత కాస్తా గంగలో కలిసింది.

కోపం రావలసిన చోట అతనికి కన్నీళ్లొచ్చాయి. జిగురు అడిగిందట. పెట్టె గుమ్మంలో దింపి, అవే కళ్లతో, ఈసారి జేబులో దారపు ఉండ వేసుకుని మళ్లీ స్టేషన్‌కు వెళ్లాడు.

"ఇందాకేగా వచ్చావు," అన్నారు మాస్టరు గారు. అప్పటికి ఆయన ప్లాట్‌ఫారం మీద ఉన్నారు.

"ఉండబట్టలేకపోయాన్సార్," అని దర్జీ మళ్లీ వాటేసుకుని, వీపు వెనక నుంచి దారం చుట్టబోయాడు. సరిగ్గా అప్పుడే రైలు కూత పెట్టింది. మాస్టరు గారు విదిలించుకుని జెండాతో ముందుకు పరుగెత్తారు. దారం కొస ఆయన కోటు గుండీకి చిక్కుకుంది. ఆయన ఇంజను దాకా వెళ్లారు, దారమూ వెళ్లింది. రైలు కదిలిపోయాక, ఖాళీ ప్లాట్‌ఫారం మీద దర్జీ ముక్కు ఎగబీల్చుకుంటూ దారాన్ని మళ్లీ ఉండ చుట్టుకుంటూ కనిపించాడు.

టిక్కెట్ల అమ్మాయికి ఇక అనుమానం లేకపోయింది. పక్కనే ఉన్న క్యాంటీన్ అతనితో అంది. "మనిషి ఒళ్లు కరిగిపోతుంటే డాక్టరు కంటే ముందు దర్జీకి తెలుస్తుంది. మళ్లీ దొరకరని నా ముందే అన్నాడు. రెండుసార్లు వచ్చి కౌగిలించుకుని ఏడ్చాడు. మాస్టరు గారికి ఏదో పెద్ద జబ్బే. ఎవరికీ చెప్పడం లేదు."

"పెద్ద ప్రాణం. మనకు తెలిసినట్టు ఆయనకి తెలియనివ్వద్దు," అన్నాడు క్యాంటీన్ అతను.

తెలియనివ్వకుండా వాళ్లు పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. క్యాంటీన్ అతను అడగకుండానే వేడి పాలు తెచ్చాడు. పోర్టర్ ఆయన జెండా లాక్కుని, "ఇది బరువు, నేను మోస్తాను," అన్నాడు. ఆయన ఎటు నడిచినా వెనక ఒక స్టూలు నడిచింది. ముప్పై ఏళ్లుగా ఆయనతో వాదిస్తున్న గూడ్సు గుమాస్తా ఆ రోజు ఏది చెప్పినా, "మీరు చెప్పిందే రైటు సార్," అన్నాడు. మాస్టరు గారికి మొదటిసారి భయం వేసింది అప్పుడే. మూడు గంటలకు మైకులో టిక్కెట్ల అమ్మాయి గొంతు వినిపించింది. "ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద ప్రయాణికులు దయచేసి నెమ్మదిగా నడవవలసిందిగా మనవి." దాంతో మాస్టరు గారికి ముచ్చెమటలు పట్టాయి.

నాలుగింటికి ఆయన దర్జీ కొట్లో ఉన్నారు. వెనకాలే టిక్కెట్ల అమ్మాయి, ఆమె వెనక స్టూలు పట్టుకుని క్యాంటీన్ అతను.

"దాచకు. నేను చిక్కిపోయాను కదూ?" అన్నారు మాస్టరు గారు. "నువ్వు పొద్దుట్నుంచి నన్ను తడిమి చూస్తున్నావంటే అదే. నా కాగితం తియ్యి. ఒంటికి పెట్టి చూడు. ఎంత తగ్గానో ఇప్పుడే తేలిపోవాలి."

అందరి చూపులూ గోడ మీదికి వెళ్లాయి. మేకు బోసిగా ఉంది. లోపలి గదిలో కత్తెర చప్పుడు ఆగింది. ఆ ఆగడం దర్జీకి చెంపమీద కొట్టినట్టయింది. అంతా అయిపోయింది, విన్నది, ఇక పెట్టె మూసేస్తుంది అనుకున్నాడు.

"సార్, ఆ కాగితం నేనే, అంటే, ఎలుకలు..." అని మొదలుపెట్టాడు.

"ఎలుకలేంటండీ," అంటూ భార్య గుమ్మంలోకి వచ్చింది. చేతిలో ఖాకీ కాగితాల కట్ట. "దుమ్ము పట్టిందని దులిపి, పెరట్లో గాలికి వేశాను. ఇదిగో మీ పాత నమూనా, మాస్టరు గారూ. నిలబడండి, నేను చూస్తాను."

కట్టలోంచి వీపు ముక్క తీసి ఆయన వీపుకు పెట్టింది. ఛాతీ ముక్కలు ముందు పెట్టింది. అంచుకు అంచు, కుట్టుకు కుట్టు, ఆయన కోసమే పుట్టినట్టు సరిపోయాయి. కాగితం ముదురు గోధుమరంగులో, మడతల దగ్గర నలిగి, ఇరవై రెండేళ్లు నిండినట్టే ఉంది. పెన్సిలు రాత కూడా మాసి ఉంది. "స్టేషన్ మాస్టరు, వీపు."

"నూలుపోగంత కూడా మారలేదు," అంది భార్య.

మాస్టరు గారి మొహం వెలిగిపోయింది. టిక్కెట్ల అమ్మాయి వైపు తిరిగి, "విన్నావా? మైకులో చెప్పు ఇది," అన్నారు. వెళ్తూ వెళ్తూ నడిమి గది గుమ్మంలోంచి, లోపల తెరిచి ఉన్న అతికింపుల పుస్తకం చూసి ఆగారు. ఖాకీ కుర్చీ, దాని మీద అత్తగారి ఫొటో. "ఎప్పుడొచ్చినా నన్ను ఎగాదిగా చూసేది పెద్దావిడ," అన్నారు మెల్లగా. "ఇప్పటికీ అలాగే చూస్తోంది." స్టూలు తనే మోసుకుంటూ వెళ్లిపోయారు.

వాళ్లు వీధి మలుపు తిరిగాక దర్జీ కట్టను వాసన చూశాడు. పొద్దుట్నుంచి తనకు అందని టీ ఎక్కడికి పోయిందో తెలిసింది.

"ఇది ఎన్నోది?" అన్నాడు.

"ఏడోది," అంది భార్య. "ప్రతి కోటుకీ ఆయన అంగుళం, అరంగుళం పెరుగుతూనే ఉన్నాడు. చెబితే ఆయన బాధపడతాడు, మీరూ బాధపడతారు. కొత్త కాగితం కోసి, టీ నీళ్లలో ముంచి ఆరేసి, నలిపి మేకుకు తగిలించేవాళ్లం. టీ కాచేది అమ్మే. పోయిన నెల గుండీ ఊడిందని ఆయన కోటు పంపాడు చూడండి, ఊడిన తీరు చూస్తేనే రెండంగుళాలు అని తెలిసిపోయింది. పాతది ఇక దేనికి? కుర్చీకి వాడాను."

"మరి నాతో చెప్పలేదేం?"

"చెప్పబోతే మీరు వినలేదు. చెప్పక్కర్లేదు, నీకు ఓపికున్నంత వరకే చేసుకో అన్నారు." ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడిచింది. "అమ్మ పోయిన దగ్గర్నుంచి అందరూ నన్ను గాజుబొమ్మని చేశారండీ. ఒక మాట అడగరు, ఒక పని చెప్పరు. ఇన్నాళ్లూ ఇద్దరం మోసిన రహస్యం ఇది. ఒక్కదాన్నే మోయలేక మీకు చెబుదామనుకున్నాను."

దర్జీ బల్ల మీద గుడ్డ పరిచి, కొత్త నమూనా దాని మీద పెట్టాడు. "అయితే ఆ చివర పట్టుకో. వంకరగా పోతోంది. శనివారానికి అవ్వాలి," అన్నాడు కాస్త విసుగ్గానే. రెండేళ్లలో అతను విసుక్కోవడం అదే మొదటిసారి. ఆవిడ నవ్వుకుంటూ వచ్చి చివర పట్టుకుంది.

దీపాలు పెట్టే వేళకు కోటు కత్తిరింపు పూర్తయింది. భార్య మళ్లీ లోపల పుస్తకం ముందు కూర్చుంది. చిన్న కత్తెర చప్పుడు వింటూ, దర్జీ గోడకున్న మొదటి మేకు వంక చాలాసేపు చూశాడు. పెళ్లినాటి చొక్కా నమూనా. ఇన్నేళ్లూ తన ఒళ్లూ మారలేదని అతనూ నలుగురికీ చెప్పుకున్న కాగితం. ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని, దాన్ని తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

అల్లుడు కదా, అత్తగారు యాలకులు కూడా వేసినట్టుంది.