ఇంతకీ ఆ 'నేను' ఎవరు?

ఆ ఆదివారం పొద్దున్న కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. వంట ముగించి, తలస్నానం చేసి, ఇంట్లోవాళ్ళ కంటపడకుండా తన కథను పత్రికకు పంపెయ్యాలి. కంటపడితే ఇంకేమైనా ఉందా! కథలో ఉన్నది వాళ్ళే మరి. ఇంటి బరువంతా నెత్తినేసుకుని, అందరూ తిని లేచాక చల్లారింది తినే ఒకావిడ. "నువ్వు తిన్నావా?" అని ఒక్కనాడూ అడగని ఇంటిల్లిపాది.

నిన్ననే సంపాదకుడు ఫోన్ చేశాడు. "కథ బాగుందమ్మా. కానీ 'ఆమె', 'ఆమె' అంటుంటే పక్కింటావిడ గోలలా ఉంది. 'నేను' అని మార్చండి. చదివేవాడు అతుక్కుపోతాడు."

మార్చింది. 'ఆమె తింది' అంటే ఆడమనిషని చంటిపిల్లాడికైనా తెలుస్తుంది. 'నేను తిన్నాను' అంటే ఆ నేనుకి మీసముందో జడుందో బ్రహ్మకైనా తెలీదు. ఆ సంగతి తట్టక, అచ్చుతీసిన కాగితాలు భోజనాల బల్ల మీద మరిచిపోయి స్నానానికి వెళ్ళింది.

తల తుడుచుకుంటూ వచ్చేసరికి మామగారు కాగితాలు పట్టుకుని ముక్కు చీదుతున్నారు.

"మావయ్యగారూ, అదీ... ఊరికే..."

"ఊరుకో తల్లీ! ఇన్నేళ్ళకి నా బాధ కనిపెట్టినదానివి నువ్వొక్కదానివే!"

"మీ బాధేమిటండీ, మీ బాధ!" అంటూ అత్తగారు కాగితాలు లాక్కుంది. పేజీ తిప్పేలోపు ఆవిడ కళ్ళూ చెమర్చాయి. "నా కోడలు బంగారం! అక్షరం అక్షరం నేనే!"

మొగుడు తల్లి భుజం మీంచి చదివాడు. "సరిగ్గా చూడమ్మా. ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చి చల్లారింది తినేదెవరు? నేను!"

"నువ్వా? తిన్న కంచం కూడా తియ్యవు!" అంది అత్తగారు.

"అయితే ఆ రాతిగుండె ఇంటివాళ్ళెవరట?" అన్నారు మామగారు.

ముగ్గురి వేళ్ళూ లేచాయి, ఎదుటివాళ్ళ వైపే. మాటా మాటా పెరిగింది. "నేను తిననంటే తినను" అని మామగారు చెప్పులేసుకున్నారు. "అలక మీకేనా, నాకు రాదా?" అని అత్తగారూ గుమ్మం దిగింది. బతిమాలబోయిన మొగుడు గేటు దగ్గర తనూ అలిగాడు.

"ఆగండి! ఆ 'నేను' నేనే!" అని కోడలు గుమ్మంలోంచి అరిచింది.

అత్తగారు వెనక్కి తిరిగి మురిసిపోయింది. "ఎంత బాగా రాసిందో చూశారా! రాసినదానిక్కూడా తన కథలాగే ఉందిట!"

వాళ్ళు వీధి మలుపు తిరిగాక కోడలు పొట్ట పట్టుకుని నవ్వింది. కథ పంపేసింది. గిన్నెల మీద ఇంకా పొగలు పోలేదు. కంచం పెట్టుకుని, "తిన్నావా?" అని తనని తనే అడిగింది. "ఇదుగో, తింటున్నా."

'నేను'లు ముగ్గురూ వీధిలో పస్తు. వేడివేడిగా తిన్నది మాత్రం ఆమె.