స్నానాల గదిలో సముద్రం

ఆ శనివారం పొద్దున్నే వాచీ మెకానిక్ పూజ ముగించి దేవుడికి ఒకే ఒక్క విన్నపం చేసుకున్నాడు. సాయంత్రంలోగా తన భార్య మనసు మెత్తబడాలి. వచ్చే వేసవిలో ఓ దీవికి వెళ్ళి, స్కూబా డైవింగు చేసి, నీళ్ళ అడుగున చేపల్ని దగ్గరగా చూడాలని అతనికి పెళ్ళి కాకముందు నుంచీ కోరిక. డైవింగు వాళ్ళు పడవలో రెండు సీట్లు అట్టిపెట్టారు. వచ్చేదీ రానిదీ ఆ సాయంత్రమే చెప్పాలి.

భార్య ఎండాకాలంలో కూడా వేణ్ణీళ్ళు లేనిదే స్నానం చెయ్యదు.

"సముద్రంలో గీజరుంటుందా?" అంది, బ్యాంకుకి బయల్దేరుతూ.

"వేసవిలో అక్కడి నీళ్ళు ఇరవై తొమ్మిది డిగ్రీలుంటాయట. డైవింగు నేర్పే ఆయనే చెప్పాడు."

"ఇరవై తొమ్మిదంటే వెచ్చనా, చల్లనా?"

మెకానిక్ తన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు.

"చేత్తో ముట్టుకు చూస్తే గానీ నేను రాను. అంకెను నమ్మి మునగమంటే ఎలాగండీ?" అని చెప్పులేసుకుంది.

గడియారం ఒక్క సెకను వెనకబడితే నిద్రపట్టని మనిషి అతను. సరిగ్గా ఇరవై తొమ్మిది డిగ్రీల సముద్రాన్ని స్నానాల తొట్టిలోనే తయారు చేద్దామనుకున్నాడు. ఇంట్లో ఉన్న జ్వరం థర్మామీటరు అంత తక్కువ చూపించదు. కింది వాటాలో ఉండే రిటైర్డు పోస్టుమాస్టరు చేపల్ని పెంచుతాడు, ఆయన దగ్గర నీళ్ళ థర్మామీటరు ఉంటుంది కదా అని దిగి వెళ్ళాడు.

పోస్టుమాస్టరు చేపల తొట్టి ముందు తల పట్టుకుని కూర్చున్నాడు. "హీటరు పోయిందయ్యా! ఈ చలికి నా బంగారుతల్లులు ఏమైపోతాయో. వీటికి ఇరవై తొమ్మిది ఉండాలి."

"మా తొట్టిలో నేనూ అంతే వేడికి నీళ్ళు కాస్తున్నానండీ," అన్నాడు మెకానిక్. అన్నాక ఆలోచించాడు. అప్పటికే పోస్టుమాస్టరు చేపల్ని బకెట్లోకి దించుకుని మెట్లెక్కుతున్నాడు.

పూజగదిలో అత్తగారు కళ్ళు మూసుకుని జపం చేసుకుంటోంది. స్నానాల గదిలోంచి పోస్టుమాస్టరు గొంతు ఒక్కటే వినబడింది. "ఇరవై ఆరుకి పడిపోయింది! వేణ్ణీళ్ళు తెండి! ఇంకా చల్లబడితే ప్రాణాలు దక్కవు!"

జపం మధ్యలో లేవడం ఆవిడకు ఆనవాయితీ లేదు. కూర్చున్నచోటు నుంచే కూతురికి ఫోను చేసింది. "అల్లుడి ఒళ్ళు చల్లబడిపోతోందే! పోస్టుమాస్టరు గారు దక్కడంటున్నారు. నేను లేవలేను, నువ్వు త్వరగా రా!"

ఈ సంగతి తెలియని అల్లుడు, నీళ్ళు ఇరవై తొమ్మిదికి చేరగానే, వెచ్చనో చల్లనో తేల్చుకుందామని ఈత కళ్ళద్దాలు బిగించుకుని తొట్టిలోకి దిగాడు. ఓ నీలం చేప వచ్చి అతని కాలి బొటనవేలిని మెల్లగా ముట్టుకుంది.

అతను పెట్టిన కేకకు వీధిలో కుక్కలు మొరిగాయి. మెకానిక్ ఒక్క గెంతు గెంతి కర్టెను పట్టుకున్నాడు, కర్టెను కడ్డీతో సహా ఊడి వచ్చింది. చెవి వెనక బ్యాంకు పెన్నుతో భార్య పరుగెత్తుకొచ్చేసరికి, భర్త ఆ కర్టెను చుట్టుకుని స్టూలు మీద నిలబడి వణుకుతున్నాడు.

"అయ్యో, ఏమైందండీ? అమ్మేమో మీరు దక్కరంది!"

"అది... నన్ను ముట్టుకుంది."

"ఏది?"

"మా నీలంది," అన్నాడు పోస్టుమాస్టరు నొచ్చుకుంటూ. "పాపం, అదే ఎక్కువ జడుసుకుంది. ఎక్కడ దాక్కుందో చూడమ్మా."

ఆమె నీళ్ళలో చెయ్యి పెట్టి వెతికింది. చెయ్యి తీయడం మరిచిపోయింది. నీలం చేప వచ్చి ఆమె గాజుల చుట్టూ తిరిగింది. భర్త కళ్ళద్దాలు ఆమె లాక్కుని, పెట్టుకుని, ముఖం నీళ్ళలో ముంచింది.

"అబ్బ, ఎంత వెచ్చగా ఉన్నాయండీ!" అంది తల పైకెత్తి. "ఫోను తెండి. వస్తున్నామని చెప్పేస్తాను."

"ఈసారికి వద్దేమోనే. అక్కడివి ఇంతకంటే పెద్దవిట."

"మీరు పడవలో కూర్చుని నా తువ్వాలు పట్టుకోండి, చాలు."

జపం ముగించుకుని వచ్చిన అత్తగారు అల్లుణ్ణి ఎగాదిగా చూసి, "దేవుడు మన మొర విన్నాడు," అంది. నిజమే, పొద్దున అడిగింది అడిగినట్టే ఇచ్చాడు. నాకు ధైర్యం ఇమ్మని అడగడం నేను మరిచిపోతే ఆయనైనా గుర్తుచేయకూడదా, అని మెకానిక్‌కు ఒక్క క్షణం అనిపించింది. నీళ్ళు కారుతున్న భార్య ముఖంలో నవ్వు చూశాక, ఆ ప్రశ్నను వెనక్కి తీసుకున్నాడు.

హీటరు బాగయ్యేదాకా చేపలు పై వాటాలోనే ఉన్నాయి, మెకానిక్ స్నానాలు కింది వాటాలో సాగాయి. అక్కడ గీజరు లేదు.