మూడో బంకర్‌లో మంత్రిగారి అడుగుజాడలు

చిన్న రేవుల శాఖామాత్యులు మాన్యశ్రీ ఆదికేశవులుగారు వచ్చే ఆదివారం ఉదయం ఏడున్నరకు మనలి రోడ్డులోని గోల్ఫ్ క్లబ్బులో గోల్ఫ్ ఆడతారనీ, దానివల్ల ఆ ప్రాంత కార్మికుల జీవనస్థాయి పెరుగుతుందనీ, వాన వచ్చినా ఆట ఆగదనీ పత్రికలకు ప్రకటన వచ్చింది. మంత్రిగారు అంతకుముందు గోల్ఫ్ ఆడి ఎరుగరు. పదవి చేపట్టేముందు ఆయన రేవులను కూడా చూసి ఎరుగరు గనుక ఎవరికీ అనుమానం కలగలేదు.

క్లబ్బు సెక్రటరీ జయరామన్ ఈ ప్రకటనను మునెమ్మకు చదివి వినిపించాడు. వినిపించవలసిన అవసరం ఉంది. మైదానంలో పచ్చిక ఎవరైనా కోస్తారు, జెండాలు ఎవరైనా పాతుతారు. ఇసుక దువ్వేది మాత్రం మునెమ్మ ఒక్కతే.

గోల్ఫ్ పెద్దవాళ్ల ఆట. అందులో పచ్చిక బాగున్నచోట కావాలని గొయ్యి తవ్వి, ఇసుక పోసి, దానికి బంకర్ అని పేరు పెడతారు. బంతి అందులో పడాలనే తవ్వుతారు, పడితే విచారిస్తారు. బంకర్‌లో దిగినవాడు బంతిని బయటికి కొట్టి, పక్కనున్న పళ్ల కర్రతో తన అడుగులు తానే చదును చేసి మరీ వెళ్లాలి. ముందు వచ్చినవాడి జాడ వెనక వచ్చేవాడికి తెలియకూడదు. అది ఆట మర్యాద. గేటు దగ్గర ఇంగ్లీషులో బోర్డు కూడా ఉంది. క్లబ్బు పుట్టినప్పటి నుంచి సభ్యులందరూ ఈ మర్యాదను ఎంతో గౌరవించి, మునెమ్మ చేత పాటింపజేస్తూ వచ్చారు.

ఆ పళ్ల కర్రను ఇంగ్లీషులో రేక్ అంటారు. మునెమ్మ దువ్వెన అంటుంది. దాన్ని బంకర్ లోపల పెట్టాలా బయట పెట్టాలా అని కమిటీ పదకొండేళ్లుగా చర్చిస్తోంది. నిర్ణయం వచ్చేదాకా అది మునెమ్మ చేతిలోనే ఉంటోంది.

ఆమె పద్దెనిమిదేళ్లుగా టెంపరరీ. ఈ నెలాఖరు కమిటీలో పర్మనెంట్ చేసే కాగితం పెడతానని జయరామన్ మాట ఇచ్చాడు. అప్పటినుంచి ఆమెకు భయం పట్టుకుంది. అది పోతుందేమోనని. ఏమీ లేనన్నాళ్లు ఆ భయం లేదు. అసలు ఆమెకు పాత భయం ఒకటి ఉండనే ఉంది. మొగుడు దొరస్వామి పదమూడేళ్ల కిందట ఎన్నూరు దగ్గర పడవెక్కాడు. పొద్దున ఆమె వెళ్లి చూస్తే తడి ఇసుకలో నీళ్లవైపు పోయిన అడుగులు ఉన్నాయి, తిరిగివచ్చిన అడుగులు లేవు. కొన్నాళ్లకు చుట్టుపక్కల ఆడవాళ్లు మెట్టెలు తీసెయ్యమన్నారు. ఆయన పోవడం ఎవరన్నా చూసినారా అని ఆమె అడిగింది. ఎవరూ చూడలేదు. మెట్టెలు అలాగే ఉండిపోయాయి. రోజుకు నాలుగుసార్లు వంగి అవి ఉన్నాయో లేదో చూసుకుంటుంది.

ఆదివారం మంత్రిగారు ఆరు కార్లతో వచ్చారు. తెల్లటి పంచె, కింద మేకుల బూట్లు. వెంట పార్టీ వట్టం, అంటే వార్డు, కార్యదర్శి తిరువేంగడం, యాభైమంది కార్యకర్తలు. తిరువొట్టియూరు నుంచి మనలి దాకా గోడలన్నిటి మీదా ‘ఆదికేశవులుగారి అడుగుజాడల్లో నడుద్దాం’ అని సున్నంతో రాయించినవాడు ఈ తిరువేంగడమే.

బంతిని చేర్చవలసిన జెండా గుంటల్లో మొదటి రెండింటి దగ్గర బంతి ఎటు పోయిందో తెలియలేదు. అందువల్ల గెలుపు మంత్రిగారిదేనని నిర్ణయించారు. మూడో గుంట దగ్గర బంతి నేరుగా బంకర్‌లో పడింది. కార్యకర్తలు చప్పట్లు కొట్టారు. దుమ్ము లేవకూడదని తెల్లవారే నీళ్లు చల్లించిన ఇసుకలోకి మంత్రిగారు దిగి పద్నాలుగు దెబ్బలు కొట్టారు. పదిహేనో దెబ్బకు బంతి తిరువేంగడం చేతిలోంచి బయటపడింది.

గట్టెక్కాక మంత్రిగారు మునెమ్మ చేతిలోని కర్రను చూసి అదేమిటని అడిగారు. జయరామన్ వినయంగా ఆట మర్యాద వివరించాడు.

“అంటే నేను ఈడకి ఒచ్చినట్టే తెలియకూడదంటావు?”

“ఆటలో అట్లా ఒక పద్ధతి సార్.”

మంత్రిగారు చాలాసేపు ఆలోచించారు. “ఇరవై ఏండ్లుగా ప్రజాసేవలో ఉండాను. నేను ఒచ్చిపోయినట్టు జనానికి తెలియాలనే కదప్పా ఇంత పాటు పడతా ఉండేది” అని చెప్పి నాలుగో గుంటవైపు నడిచారు.

మునెమ్మ తన పని తాను చేసింది. మంత్రిగారు దున్నిన ఇసుకను అంచు నుంచి నడిమికి, నడిమి నుంచి అంచుకు దువ్వి, పాపిడి తీసిన తలలా నున్నగా చేసింది. పర్మనెంట్ కాగితం కళ్లలో మెదిలింది గనుక రెండుసార్లు దువ్వింది.

సరిగ్గా అప్పుడే కాఫీ షామియానాలో తిరువేంగడం లేచి నిలబడి, తలైవర్, అంటే నాయకుడు, తొలిసారి క్రీడారంగంలో మోపిన అడుగులను రాబోయే తరాలకోసం కాపాడాలనీ, వాటిని చెరిపినవాడికి పార్టీలోనే కాదు క్లబ్బులో కూడా చోటుండదనీ తీర్మానం చేశాడు. మంత్రిగారు వద్దు వద్దంటూ ఫోటోగ్రాఫర్‌ను పిలిపించారు.

జయరామన్ మూడో గుంటకు పరుగెత్తాడు. బతుకులో పరుగెత్తడం ఆయనకు అది రెండోసారి.

“నున్నగా వచ్చింది గదయ్యా” అంది మునెమ్మ.

ఆయన గట్టుమీద కూలబడి సంగతి చెప్పాడు. మంత్రిని మళ్లీ దిగమని అడగలేరు. జయరామన్ దిగుదామంటే ఆయన బూట్లు పదకొండో నెంబరు, మంత్రిగారిది చిన్న పాదం. షామియానా వైపు నుంచి జిందాబాద్‌లు దగ్గరపడుతున్నాయి.

“మునెమ్మా, నువ్వు దిగి నడు. మంత్రి మాదిరి నడు.”

“మంత్రి ఎట్ట నడస్తాడయ్యా?”

“పోవాల్సిన పని ఏడా లేనట్టు నడు, సరియా?”

పనివాళ్లు పచ్చిక మీద చెప్పులు వేసుకోకూడదని క్లబ్బు రూలు. మునెమ్మ వట్టి కాళ్లతో ఎనిమిది అడుగులు వేసింది. పొడుగాటి బంకర్ నడిమికి వచ్చాక, వెనక్కి వస్తే ఆ అడుగులు కూడా పడతాయని గుర్తొచ్చి నిలబడిపోయింది. జయరామన్ పక్క గట్టు నుంచి కర్ర అందించి, ఆమెను అక్కడినుంచి ఒక్క దూకులో గట్టుమీదికి లాగాడు. ఆమె వెనక్కి తిరిగి చూసింది. అడుగులు లోపలికి పోయాయి, బయటికి రాలేదు. అలాంటివి ఆమె అంతకుముందు ఒకసారి చూసింది. చెట్టు చాటుకు పోయింది.

తిరువేంగడం ముందుగా చూశాడు. చూసి కళ్లు తుడుచుకున్నాడు. “తలైవర్ ముందుకే పోయినారు. వెనకడుగే లేదు” అని గుంపుకు చూపించాడు. ఒక విలేఖరి మాత్రం, మంత్రిగారు బూట్లు వేసుకున్నారు కదా, ఇవి వట్టి పాదాలు కదా అన్నాడు. వాడు కొత్తవాడు.

మంత్రిగారు వంగి చూశారు. బాగా గుర్తు తెచ్చుకున్నారు. “బూట్లు విప్పే దిగినాను. మట్టితల్లి గదా” అన్నారు. ఆయన కాళ్లకున్న బూట్లవైపు చూడకుండా అందరూ తలలు ఊపారు.

“రెండో వేలికాడ ఏందో గుండ్రంగా గుర్తు పడిందే సార్” అన్నాడు అదే విలేఖరి.

చెట్టు చాటున మునెమ్మ కాళ్లమీదికి చీర లాక్కుంది. జయరామన్ ఆకాశంలోకి చూశాడు.

“మెట్టె” అన్నారు మంత్రిగారు నిదానంగా. “మా వంశంలో మగోళ్లు మెట్టెలు పెట్టేది పూర్వాచారం. నేను చెప్పుకోను.”

సోమవారం పత్రికల్లో ఫోటో వచ్చింది. బుధవారానికి తిరువేంగడం రెండు కాళ్లకూ మెట్టెలు తొడిగి కుంటుతూ క్లబ్బుకు వచ్చాడు. శనివారానికి యాభైమందీ తొడిగారు. అడుగుజాడల్లో నడవడమంటే ఏమిటో ఉత్తర మద్రాసు మొదటిసారి కళ్లారా చూసింది. జార్జి టౌన్ వెండి దుకాణాల్లో పెళ్లికూతుళ్లకు మెట్టెలు దొరకలేదు.

బంకర్ చుట్టూ కంచె లేచింది. పైన రేకుల కప్పు పడింది. బంతి అందులో పడితే ఆటగాడు కంచె బయట నిలబడి నమస్కారం చేసి, దెబ్బ లెక్కలేకుండా ఇంకో బంతి పెట్టుకోవచ్చని కమిటీ లోకల్ రూల్ తెచ్చింది. సభ్యుల గురి ఒక్కసారిగా బాగుపడింది. ప్రతివాడి బంతీ అక్కడే పడసాగింది.

అయితే ఇసుక ఇసుకే. సముద్రపు గాలికి నాలుగు రోజుల్లో మంత్రిగారి మడమ పోయింది. అందుకని మునెమ్మ రోజూ తెల్లవారక ముందే వచ్చి, ఇసుక దువ్వి, నీళ్లు చల్లి, ఎనిమిది అడుగులు నడిచి, కర్ర పట్టుకుని దూకేది. పర్మనెంట్ కాగితం వచ్చింది. దాని వెంటే ఇంకో కాగితం కూడా వచ్చింది. మెట్టెలు మంత్రిగారి చిహ్నమైనందున, పార్టీవారు తప్ప క్లబ్బు ఆవరణలో పనిచేసేవారెవరూ వాటిని ధరించరాదు.

మునెమ్మ ఆ రోజంతా అన్నం తినలేదు. మెట్టె మీద చెయ్యి వేసి తీసింది, వేసి తీసింది. చివరికి జయరామన్ ముందు నిలబడింది.

“తీసేస్తానయ్యా. తీసేస్తే రేపట్నుంచి మంత్రిగారి కాలికి మెట్టె ఉండదు, మరి.”

జయరామన్ కలం కింద పెట్టాడు. ఆయన ముప్పయ్యేళ్లు ఆఫీసుల్లో గడిపిన మనిషి. మధ్యాహ్నానికి ఫైల్లో ఈ మాటలు చేరాయి: ‘ఈ ఆవరణలో, మెట్టెల విషయానికి మాత్రం, మునెమ్మను మంత్రిగా పరిగణించవలెను.’ కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించింది. చదివినవారు లేరు గనుక వ్యతిరేకించినవారూ లేరు.

అంతా సవ్యంగా సాగుతుండగా ఒక గురువారం ఉదయం ఆదికేశవులుగారు అంతరాత్మ పిలుపు విని, పదవికీ పార్టీకీ రాజీనామా చేసి, పద్దెనిమిదిమంది మిత్రులతో అవతలి పార్టీలో చేరారు. ప్రభుత్వం పడిపోయింది. రాష్ట్రంలోని చిన్న రేవులు దిక్కులేనివయ్యాయి. అవి ఓర్చుకున్నాయి.

పదకొండు గంటలకు తిరువేంగడం వచ్చాడు. కంచె బయట కూర్చుని మెట్టెలు తీసి, పారేయకుండా రుమాల్లో మూటగట్టి జేబులో వేసుకున్నాడు.

“దువ్వెయ్యి మునెమ్మా. ద్రోహి. వాడు ఈడకి ఒచ్చినట్టే తెలియకూడదు.”

క్లబ్బు చరిత్రలో ఆట మర్యాదను ఒక మనిషి మనసారా కోరడం అదే మొదలు. మునెమ్మ తన అడుగులు తానే చెరిపింది. పని ముగించి వచ్చేసరికి జయరామన్ తలవంచుకుని ఒక కాగితం చేతిలో పెట్టాడు. మెట్టెల విషయానికి మంత్రిగా పరిగణింపబడుతున్న మునెమ్మ రాజీనామా కూడా ఇందుమూలంగా ఆమోదించబడినది.

“నేనెప్పుడిచ్చినానయ్యా?”

“నువ్వు ఇయ్యలేదమ్మా, ఆయన ఇచ్చినాడు. ఫైల్లో మీరిద్దరూ ఒకటే. నేనేమి చేసేది చెప్పు.” మెట్టెలు తీసి వస్తే పాత టెంపరరీ పనిలోకైనా తీసుకుంటానన్నాడు. ఆ రూలు ఇంకా అమల్లో ఉంది, రద్దు చెయ్యడానికి మంత్రి లేడు.

మునెమ్మ కాళ్లవైపు చూసుకుంది. పద్దెనిమిదేళ్ల పని. వెనక్కి తిరిగి గేటు దాటి, ఇంగ్లీషు బోర్డు కింద కూర్చుంది. శుక్రవారం కూడా వచ్చి అక్కడే కూర్చుంది. లోపల బంకర్లన్నీ సభ్యుల అడుగులతో నిండిపోయాయి. ఎవరికివారు ముందువాడి మర్యాదను తిట్టుకున్నారు.

శనివారం కొత్త ప్రభుత్వం ఏర్పడింది. చిన్న రేవుల శాఖకు, అనుభవాన్ని బట్టి, ఆదికేశవులుగారినే తీసుకున్నారు. సాయంత్రం నాలుగింటికి తిరువేంగడం కొత్త కండువాతో, పాత మెట్టెలతో క్లబ్బుకు వచ్చాడు. కాస్త కుంటుతున్నాడు. రెండు రోజుల్లో అలవాటు తప్పింది. వెనకే జయరామన్ గేటు బయటికి వచ్చి, మంత్రిగారు ప్రమాణం చేశారు గనుక మునెమ్మ కూడా చేసినట్టేనని చెప్పాడు.

“రేపు తలైవర్ వస్తా ఉండారు. అడుగులు కావాల” అన్నాడు తిరువేంగడం. “ఈసారి లోపలికి పోయేటివి ఒద్దు. ఆ పార్టీలోంచి బయటికి వచ్చినారు గదా. ఒచ్చే అడుగులే ఉండాల, పోయిన జాడే కనపడకూడదు.”

ఎలాగో ఎవరికీ తోచలేదు. చివరికి కాఫీ షామియానాలోంచి కుర్చీ తెచ్చి, మునెమ్మను కూర్చోబెట్టి, పక్క గట్టుమీది నుంచి ఇద్దరూ మోసి, ఇసుక నడిమికి చాపి దించారు. మంత్రి హోదాలో ఆమె పొందిన గౌరవం అదొక్కటే. ఆమె లేచి నిలబడి, నిదానంగా, ఎక్కడినుంచో వస్తున్న మనిషిలా గట్టువైపు ఎనిమిది అడుగులు నడిచింది.

ఆదివారం మంత్రిగారు వంగి చూసి, బాగా గుర్తు తెచ్చుకున్నారు. కార్యకర్తలు మెట్టెల చప్పుడుతో ప్రదక్షిణం చేసి వెళ్లిపోయారు.

ఎండ తగ్గాక మునెమ్మ దువ్వెన తీసుకుని దిగింది. ఇసుకంతా దువ్వి, ఆ ఎనిమిది అడుగుల చుట్టూ మాత్రం చేత్తో సర్దింది. ఎన్నూరు నుంచి లారీల్లో తోలిన ఇసుక అది. మడమలు లోపలివైపు, వేళ్లు గట్టువైపు. చూస్తూ చాలాసేపు నిలబడింది.

జయరామన్ కంచె అవతలి నుంచి, తాళం వెయ్యాలి, కర్ర లోపల పెడతావా బయట పెడతావా అని కేకేశాడు.

“బయటనే పెడతానయ్యా” అంది మునెమ్మ. “ఒచ్చేవాళ్ల కాళ్లకు తగలకూడదు గదా.”