శ్రీ గోడ గడియారం గారికి

...కాబట్టి మనిషికి కావలసింది స్వేచ్ఛ కాదు, ఖాళీలు. సరైన చోట, సరైన వెడల్పులో, నాలుగంటే నాలుగు ఖాళీలు!

నవ్వకండి. వన్ టౌన్‌లో నా గది కిటికీ దగ్గర కూర్చుని మధ్యాహ్నం నుంచి ఇదే ఆలోచిస్తున్నాను. కింద సందులో బట్టల బేళ్ల తోపుడు బళ్లు ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. ఆ గొడవ మధ్యలో కూడా ఇద్దరు షావుకార్లు "బాగున్నారా అండీ?", "ఆఁ, మీ దయ" అనుకున్నారు. ఎవరి దయ? ఎప్పుడు చూపించాడు? ఎవరికీ అక్కర్లేదు. వాక్యం ముందే తయారై ఉంది, మనిషి దాని వెనకాల నడిచాడు. అందులో ఎంత హాయి ఉందో మీరెప్పుడైనా గమనించారా?

ఈ హాయిని శాస్త్రం చేసినవాళ్లు ఎక్కడో దూరదేశంలో ఉన్నారు. వాళ్ల పుణ్యమా అని ఒకే ఒక్క అక్షరం పేరు గల కంప్యూటరు భాష పుట్టింది. సి! బందరు రోడ్డులో డీజిల్ ఇంజన్లు అమ్మే మా కంపెనీ, ఈ డెబ్బై తొమ్మిదో సంవత్సరంలో, బీరువా అంత కంప్యూటరు కొని దాని ముందు నన్ను కూర్చోబెట్టింది. గదికి ఏసీ పెట్టారు. నా కోసం కాదు, దాని కోసం.

సి భాషలో ఏదైనా అచ్చువేయించడం ఎంత సులువో చెబుతాను వినండి. ముందు వాక్యం రాసి పెట్టుకుంటాం, దాన్నే ఫార్మాటు అంటారు. పేరు రావలసిన చోట శాతం గుర్తు పెట్టి ఖాళీ వదులుతాం. అంకె రావలసిన చోట ఇంకొకటి. వాక్యం అయిపోయాక, ఆ ఖాళీల్లోకి వెళ్లవలసినవేమిటో వరసగా చెబుతాం. మొదటిది మొదటి ఖాళీలోకి, రెండోది రెండో ఖాళీలోకి. యంత్రం వాటి మొహం కూడా చూడదు. పెళ్లి భోజనాల బంతిలో ముందొచ్చినవాడు ముందు విస్తరి దగ్గర కూర్చున్నట్టు!

ఖాళీకి వెడల్పు కూడా చెప్పవచ్చు. అంకెకి ఆరు గళ్లు అన్నామంటే, రెండు గళ్ల అంకె వచ్చినా మిగతా నాలుగూ దానివే. బస్సు కిటికీలోంచి తువ్వాలు పడేసి సీటు ఆపుకోవడం మనకి తెలియనిదా? మరి ఆరు గళ్లలో పట్టని అంకె వస్తే? యంత్రం దాన్ని నరకదు. అది పక్కవాళ్లని జరిపి కూర్చుంటుంది. గుడివాడ బస్సులో జరిగేదీ అదే!

అచ్చయ్యే మాటలు ఎక్కడికి పోతాయన్నది వాక్యానికి పట్టదు. ప్రింటరుకా, టేపుకా? అన్నిటినీ స్ట్రీములే, అంటే ప్రవాహాలే అంటారు. బ్యారేజీ దగ్గర నీళ్లు బందరు కాలువలోకి పోవాలా, ఏలూరు కాలువలోకి పోవాలా అని మథనపడతాయా? తలుపెత్తిన వైపు పోతాయి.

నేను మనస్తత్వ శాస్త్రం కాస్త ఎక్కువే చదివాను. లోపల ఉన్నది లోపలే అణుచుకుని పైకి తయారుగా ఉన్న మాటలు చెప్పడం ఒక జబ్బని ఆ పుస్తకాలన్నీ ఘోషిస్తాయి. నేనొప్పుకోను. అదే ఆరోగ్యం! చావింటికి వెళ్లి, "మన చేతుల్లో ఏముందండీ" అనకుండా నిజంగా మనసులో ఉన్నది చెప్పి చూడండి. పెళ్లిపందిట్లో "ఈడూ జోడూ బాగుంది" అనే ముందు ఈడూ జోడూ నిజంగా పరిశీలించి చూడండి. ప్రాణాలతో బయటికి వస్తారా? మొన్న ఒక నాయకుడు పొద్దున మంగళగిరిలో, మధ్యాహ్నం తెనాలిలో, సాయంత్రం రేపల్లెలో ఉపన్యాసమిచ్చి, ప్రతి ఊరూ తనకు ప్రాణమన్నాడు. మూడు ఊళ్లు, ఒకే ప్రాణం, ఒకే ఖాళీ. ఎంత పొదుపు!

నాకు ముప్ఫై ఎనిమిదేళ్లు. పెళ్లి కాలేదు. ఆ వాక్యంలో ఖాళీ ఎక్కడ వదలాలో తేల్చుకోలేకపోయాను, అంతే.

ఇక మా ఆఫీసులో ఈ ఆరోగ్యం లేని మనిషి ఒక్కరే ఉండేవారు. టైపిస్టు కృపానందం గారు. ఇంజను పొగ వదులుతోందని ఏ రైతో ఉత్తరం రాస్తే, మేనేజరు తిరుపతిరావు గారు చెప్పిన జవాబుని తెలుగు టైపు మిషను మీద టకటకా కొట్టేవారు. అక్కడితో ఆగవచ్చు కదా? సంతకం కింద 'తా.క.' అని పెట్టి, సొంతంగా ఒక వాక్యం తగిలించేవారు. "తా.క. మీ అమ్మగారి కన్ను ఆపరేషను అయిందా?" "తా.క. మీ వైపు వాన పడిందా? ఇక్కడ చుక్క లేదు."

డీజిల్ ఇంజనుకీ అమ్మగారి కంటికీ సంబంధమేమిటని ఒకసారి అడిగాను.

"ఆయనే రాశాడు కదండీ, అమ్మని కంటాసుపత్రికి తీసుకొస్తానని. తెలిసి కూడా అడక్కపోతే ఏం బాగుంటుంది?" అన్నారు.

ఫలితం? రైతులు ఇంజను సంగతి మరిచిపోయి తా.క.కి జవాబులు రాసేవారు. వేసవిలో నూజివీడు నుంచి చిన్నరసాల గంప దిగేది. తిరుపతిరావు గారు ఒక పండు చీకుతూనే మండిపడేవారు. "మనం ఇంజన్లు అమ్ముతున్నామా, చుట్టరికాలు కలుపుతున్నామా?"

ఈ అరాచకానికి మందుగా నేను ప్రోగ్రాము రాశాను. "మీ ఉత్తరం అందింది. మీ ఇంజను విషయం పరిశీలనలో ఉన్నది." పేరుకి ఒక ఖాళీ, ఊరికి ఒక ఖాళీ, ఇంజను నంబరుకి ఒక ఖాళీ. మా ప్రింటరుకి తెలుగు రాదు కనుక తెలుగు మాటల్నే ఇంగ్లీషు పెద్దక్షరాల్లో కొడుతుంది. రైతు దాన్ని స్కూలు మాస్టారి దగ్గరికి తీసుకెళ్లి చదివించుకుంటాడు. వయోజన విద్య కూడా కలిసొచ్చింది!

మొదటి ఉత్తరం చల్లపల్లి కోటిలింగం గారికి వెళ్లింది. ఇంజను ఆయిలు కారుతోందనీ, చూడిగేదెకి నెలలు నిండాయి కనుక తాను బెజవాడ రాలేననీ ఆయన రాశారు. కృపానందం గారు ప్రింటరు పక్కన నిలబడి, కాగితం పైకి రావడం చూశారు.

"గేదె సంగతి అడగలేదేమిటండీ?"

"దానికి ఖాళీ లేదండీ."

"అయ్యో, గేదెకి ఆరు గళ్లు చాలవూ?" అన్నారు. జేబులో పెన్ను తడుముకుంటూ, "పోనీలెండి, నేనే ఓ కార్డు ముక్క రాసి పడేస్తాను" అన్నారు.

ఆ గేదె ఈనిందో లేదో నాకు తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు. అది రెండు మూడుసార్లు కలలోకి వచ్చిన మాట నిజమే. పుస్తకాలు దానికి ఏవేవో అర్థాలు చెబుతాయి. ఆ పుస్తకాలు రాసినవాళ్లు చల్లపల్లి చూసి ఉండరు.

నెల తిరిగేసరికి ఉత్తరాలు సగానికి సగం పడిపోయాయి. "చూశారా! ఫిర్యాదులే లేవు!" అని తిరుపతిరావు గారు నా భుజం తట్టారు. రాసేవాడే లేకపోతే ఫిర్యాదు ఎక్కడిది? అయినా విజయం విజయమే.

కృపానందం గారి రిటైర్మెంటు దగ్గరపడింది. వీడ్కోలు సభకి ముందు ఆయన నా ఏసీ గదిలోకి వచ్చి, చలికి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"మీరు చదువుకున్నవారు. ఓ చిన్న కోరికండీ. శాలువా కప్పితే కప్పనీండి, గడియారమిస్తే ఇవ్వనీండి. నా గురించి ఒక్క మాట మాత్రం మీరు చెప్పండి. అది ఇంకెవరికీ అతక్కూడదు. ఆ మధ్య గుమాస్తా జక్కయ్య గారి సభలో చదివిన పత్రం ముందేడు ఇంకొకాయనకి చదివిందే. ఆ రాత్రి మనిషి అన్నం తిన్లేదట."

"చూద్దామండీ" అన్నాను. ఇది కూడా తయారుగా ఉండే వాక్యమే. మంచి వెడల్పయినది.

చూశాను కూడా. రోజుల తరబడి చూశాను. "స్నేహశీలి" అనుకుంటే అందరికీ అతికింది. "కష్టజీవి" అనుకుంటే మా ప్రింటరుకి కూడా అతికింది. ఈలోగా తిరుపతిరావు గారికి దివ్యమైన ఆలోచన వచ్చింది. సన్మాన పత్రం కంప్యూటరే రాయాలి! బెజవాడ మొత్తం చెప్పుకోవాలి! నా బరువు దిగింది. హాయిగా ఖాళీలు వదిలి రాసేశాను.

సభ రోజు పొద్దున తిరుపతిరావు గారు అది చదివి పెదవి విరిచారు. "గడియారం ఎక్కడో చివర్న పడిందేమిటండీ? కంపెనీ ఖర్చు పెట్టింది కదా! మనిషి వెనక్కి, గడియారం ముందుకి. అలాగే వయసు ముందూ, సర్వీసు తరవాతా!"

వాక్యంలో ముందువి వెనక్కీ, వెనకవి ముందుకీ మార్చాను. ఖాళీల్లోకి వెళ్లవలసిన వాటి వరస మార్చడం మరిచిపోయాను. యంత్రం ఎవరి మొహమూ చూడదని ముందే మనవి చేశాను కదా!

సాయంత్రం సభ. ముందు వరసలో కృపానందం గారి భార్య మార్త గారు, చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని కూర్చున్నారు. తిరుపతిరావు గారు గొంతు సవరించుకుని, ఇంగ్లీషు అక్షరాల తెలుగుని గంభీరంగా చదివారు.

"ముప్ఫై ఒకటవ ఏట పదవీ విరమణ చేయుచూ, యాభై ఎనిమిది సంవత్సరములు కంపెనీకి సేవలందించిన సందర్భమున..."

చప్పట్లు!

"...ఈ కృపానందంను శ్రీ గోడ గడియారం గారికి ప్రేమతో బహూకరించుచున్నాము."

ఇంకా పెద్ద చప్పట్లు! సన్మాన పత్రానికి చప్పట్లు ఎక్కడ కొట్టాలో మన చేతులకి తెలుసు, చెవులతో పనిలేదు. ఫార్మాటు గొప్పతనానికి ఇంతకన్నా రుజువు కావాలా? తప్పు జరిగినా ఎవరికీ తెలియలేదు! చదివినాయనకి అసలే తెలియలేదు.

తెలిసింది ఇద్దరికే. మార్త గారు పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కావిడతో అనడం నాకు వినబడింది. "మా ఆయన్ని గడియారానికి ఇచ్చేశారు కాబోలమ్మా! ఉంచుకోమను. వేళకి అన్నానికి రమ్మని ఇన్నేళ్లూ నేను అరిచాను, ఇక అది అరుస్తుంది."

కృపానందం గారు వేదిక మీద శాలువా జారిపోయేలా నవ్వారు. సభ అయ్యాక నన్ను వెతుక్కుంటూ వచ్చి చెయ్యి పట్టుకున్నారు.

"అనుకున్నట్టే చేశారండీ! పుట్టకముందు నుంచీ సర్వీసు చేసి గడియారానికి బహుమతిగా వెళ్లినవాణ్ని లోకంలో నేనొక్కణ్నే. ఇంకెవరికైనా అతుకుతుందా?" ఇంకా నవ్వుతూనే, కాస్త మెల్లగా, "కాకపోతే, ఇది మీరన్న మాట కాదుగా. తప్పన్న మాట" అన్నారు. గడియారాన్ని చంకలో పెట్టుకుని, మార్త గారితో రిక్షా ఎక్కారు.

ఇది నిన్నటి సంగతి. ఇవాళ సెలవైనా నేను పొద్దున ఆఫీసుకి వెళ్లాను. తిరుపతిరావు గారి చెవిన ఎవరు వేశారో, నిన్న సాయంత్రమే ఆర్డరు వేశారు. "దిద్ది కొత్త కాపీ కొట్టండి. ప్రోగ్రాము జాగ్రత్తగా దాచండి. ముందుముందు అందరికీ పనికొస్తుంది."

అందరికీ అంటే, పాఠకులారా, నాక్కూడా. ఇరవై ఏళ్ల తరవాత నా పేరు ఎక్కడ పడుతుందో నాకిప్పుడే తెలుసు. నాలుగో ఖాళీ, ఇరవై గళ్లు, ఎడమ పక్కకి సర్ది. ఇంత నిశ్చింత మా తాతలకి ఉండేదా?

వరస సరిచేసి మళ్లీ అచ్చువేయించాను. ఈసారి ఒక్క తప్పు లేదు. గడియారం గడియారంలా ఉంది, వయసు వయసులా ఉంది. చదువుకున్నాను. అది జక్కయ్య గారికి అతుకుతుంది. నాకూ అతుకుతుంది. ఇంకా పుట్టని వాళ్లకి కూడా అతుకుతుంది.

దాన్ని గదికి తెచ్చుకున్నాను. కిటికీలో నా ముందే ఉంది. కింద బళ్ల గొడవ సద్దుమణిగింది. ఫార్మాటు మానవజాతికి వరమని ఇంత కష్టపడి నిరూపించినవాణ్ని, ఇక్కడితో ఆపి సంతకం పెట్టడమే మర్యాద. కానీ పత్రం అడుగున, ప్రింటరు వాడుకోని చోటు కొంచెం మిగిలింది. దానికి ఎవరూ గళ్లు లెక్కపెట్టలేదు.

పెన్ను మూత తీసి, వంకరటింకర నా చేతిరాతతో రాశాను.

తా.క. కృపానందం గారూ, ఇంతకీ చల్లపల్లి కోటిలింగం గారి గేదె ఈనిందా? పెయ్యా, దున్నా?