ఇన్‌స్పెక్టరమ్మ గారి ఉమ్మడి బీపీ

ఇకమీదట ఏ ఇంట్లోనూ ఏ ఆడమనిషినీ "ఎలా ఉన్నావు?" అని అడగనక్కర్లేదు. ఆ రోజులు పోయాయి. బీపీ మిషను వచ్చేసింది!

ఆలోచించి చూడండి. యాభయ్యేళ్ళకు చేరువైన ఇల్లాలిని ఆ మాట అడగడం ఎంత ప్రమాదం! అడిగితే చెప్పేస్తుంది కదా? నెలసరి ఆగి ఏడాది కావస్తోందని, కూర్చున్నది కూర్చున్నట్టే ఒళ్ళంతా సెగలు కమ్ముతున్నాయని, మెడ వెనక నరం లాగేస్తోందని, అయినదానికీ కానిదానికీ ఏడుపొస్తోందని. అదంతా మనం వినాలి. విని ఊరుకుంటే రాతి గుండె అంటుంది. సలహా ఇస్తే మరీ మండిపడుతుంది.

ఈ గొడవేమీ లేకుండా చేతికి పట్టీ చుట్టి బటన్ నొక్కితే చాలు, నలభై సెకన్లలో రెండు అంకెలు! ఆమె ఏమీ చెప్పనక్కర్లేదు. అసలు చెప్పకూడదు. కొలిచేటప్పుడు మాట్లాడరాదని మిషనుతో వచ్చే కాగితంలోనే అచ్చువేసి ఉంటుంది. ఇంటావిడ నోరు మూసుకుని కూర్చోవాలని రాతపూర్వకంగా ఆదేశించే వస్తువు మీ ఇంట్లో ఇంకొకటి ఉందా?

నా మాట మీద నమ్మకం లేకపోతే ఇన్‌స్పెక్టరమ్మ గారి సంగతి వినండి.

ఆవిడ తూనికలు కొలతల ఆఫీసులో ఇన్‌స్పెక్టరు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. ఆవిడ సంచిలో ఒక్కొక్కటీ మెత్తటి గుడ్డలో చుట్టిన ఇత్తడి తూకపు రాళ్ళు ఉంటాయి. కాటాకు సీలు వేసే తీగ, సీసపు బిళ్ళలు, వాటిని నొక్కే పట్టకారు ఉంటాయి. ఏ కొట్లో అడుగు పెట్టినా ఆవిడ నోట వచ్చే మొదటి మాట ఒకటే: "ముందు సున్నా చూపించు." ఆ మాట వింటే కొట్ల వాళ్ళకు బీపీ పెరుగుతుందని చెప్పుకునేవారు. ఆవిడకు కూడా పెరుగుతుందని ఎవరికీ తోచలేదు.

భర్త కాలేజీలో లెక్కల లెక్చరరు. చాలా మంచివాడు, అది ముందే చెప్పేస్తున్నాను. కాకపోతే ఆయనకు లోకంలో అన్నిటికంటే ఇష్టమైన వస్తువు సగటు. కూర ఒకరోజు ఉప్పుకషాయమై, మర్నాడు చప్పగా ఉంటే "సగటున సరిపోయింది" అని తృప్తిగా తినేవాడు. అలాంటి భర్త దొరకడం అదృష్టం కాదూ!

ఆ ఇంటికి మిషను ఎలా వచ్చిందంటే, తల దిమ్ము తగ్గడం లేదని ఇన్‌స్పెక్టరమ్మ ఆస్పత్రికి వెళ్ళింది. "ఈ వయసులో హార్మోన్లు తగ్గుతాయి, ప్రెషర్ పెరగడం మొదలవుతుంది. రెండు వారాలు పొద్దునా సాయంత్రం ఇంట్లో చూసుకుని రండి" అన్నది డాక్టరమ్మ. కొలవబోయే ముందు అయిదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, మాటా పలుకూ లేకుండా కూర్చోవాలని కూడా చెప్పింది. పాపం, చిన్నపిల్ల. ఇంకా సంసారంలోకి దిగినట్టు లేదు.

డబ్బా విప్పగానే మొదటి చెయ్యి ఎవరిది పెట్టారు? లెక్చరర్ గారిది! "మిషను బాగుందో లేదో ఆరోగ్యంగా ఉన్నవాడి మీదే చూడాలి" అన్నాడు. నూట పన్నెండు. ముచ్చటపడి ఇంకో మూడు సార్లు చూసుకున్నాడు. తరవాత అత్తగారు, "నాకూ ఓసారి పెట్టరా, ఎలా ఉంటుందో చూద్దాం" అని చెయ్యి చాపింది. పదేళ్ళుగా వేళకు మాత్రలు వేసుకునే మనిషి, నూట పదహారు దగ్గర రాయిలా నిలబడింది. ఇంట్లో మిగతా వాళ్ళ బీపీకి కారణమైన వాళ్ళకు బీపీ ఉండకపోవడం శాస్త్రం తేల్చాల్సిన విషయం. కూతురు పరీక్షకు వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి, స్నేహితురాలితో ఫోన్లో పోట్లాడాక ఒకసారి చూసుకునేది.

మరి ఇన్‌స్పెక్టరమ్మ? ఆవిడ కుర్చీ దగ్గరికి వచ్చేసరికి పట్టీ అత్తగారి చేతికి ఉండేది. పట్టీ దొరికి, పాదాలు నేలకు ఆనించి కళ్ళు మూసుకుంటే, రెండో నిమిషంలో "నా కళ్ళజోడు ఎక్కడ పెట్టావు?" అని గదిలోంచి లెక్చరర్ గారు. మూడో నిమిషంలో "అమ్మా, గ్యాసు మీద ఏదో పొంగుతోంది!" జవాబు చెప్పి, స్టవ్ ఆపి వచ్చి మళ్ళీ మొదటి నిమిషం నుంచి. ఇంతలో ఆఫీసుకు వేళయ్యేది. ఎలాగో తీరిక చిక్కి చూసుకున్నప్పుడల్లా నూట అరవై చుట్టూ తిరిగేది. వృత్తిరీత్యా చేతికొచ్చిన అలవాటు కాబట్టి తారీఖు, టైము వేసి సోదా పుస్తకం చివరి పేజీలో రాసుకునేది.

"ఏమండీ, నాకు నూట అరవై వస్తోంది" అన్నది ఒకరోజు భయంగా.

"విడివిడిగా చూస్తే అలాగే భయమేస్తుంది" అని లెక్చరర్ గారు ప్రేమగా మెమొరీ బటన్ నొక్కాడు. మిషను దాచుకున్న అరవై రీడింగులకూ సగటు కట్టి చూపించింది. "చూడు, నూట ఇరవై రెండు బై డెబ్బై ఎనిమిది. నీకేం లేదు!"

ఎంత హాయో చూడండి! ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ప్రతి బాధకూ ఒకటే మందు. మెడ లాగుతోందంటే బటన్, నీకేం లేదు. చెమటలు పట్టి కిటికీలన్నీ బార్లా తెరిస్తే బటన్, నీకేం లేదు. "మా రోజుల్లో ఈ సెగలూ లేవు, ఈ మిషన్లూ లేవు. నోరెత్తితే ఒట్టు!" అనేది అత్తగారు. ఆ నోరెత్తని రోజుల్లో ఆవిడెంత ఉడికిపోయిందో కొలిచిన వాళ్ళెవరూ లేరు కాబట్టి ఆ మాట నిజమే అయి ఉంటుంది.

రెండు వారాలయ్యాక లెక్చరర్ గారు శ్రద్ధగా సెలవు పెట్టి మరీ భార్యను ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. మిషను బల్ల మీద పెట్టి బటన్ నొక్కాడు. డాక్టరమ్మ చూసి, "చాలా బాగుంది! కాస్త టెన్షన్ తగ్గించుకోండి, అంతే" అన్నది. ఇన్‌స్పెక్టరమ్మ ఏదో చెప్పబోయింది. అప్పటికే తరవాతి పేషెంటు లోపలికి వచ్చేసింది.

ఆ వారంలోనే ఆఫీసు మెట్లు దిగుతుంటే ఆవిడకు కళ్ళు తిరిగాయి. రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయింది. ఎవరినీ పిలవలేదు. పిలిచి ఏమని చెబుతుంది? మిషను ఏం లేదంటోంది, డాక్టరు ఏం లేదన్నది, మొగుడు లెక్క కట్టి మరీ ఏం లేదని తేల్చాడు. తనకే మతి చలిస్తోందేమోనని భయం పట్టుకుంది. ఒంట్లో బాధ కంటే ఆ భయమే ఎక్కువ బాధపెట్టింది.

ఆ మర్నాడు కూరగాయల బజార్లో సోదా. ఒక కొట్టువాడి కాటా తూకానికి యాభై గ్రాములు అటూ ఇటూ ఊగుతోంది.

"ఏమయ్యా, ఇదేం తూకం?"

"పెద్ద తేడా ఏం కాదమ్మా. ఒకళ్ళకి కాస్త తగ్గుద్ది, ఇంకొకళ్ళకి కాస్త పెరుగుద్ది. సాయంత్రానికి మొత్తం మీద సగటున సరిపోద్ది!"

"నీ సగటుతో నాకేం పని?" అని, కూరగాయలు తూయించుకుని నిలబడ్డ ఒకావిడను చూపిస్తూ గయ్యిమన్నది ఇన్‌స్పెక్టరమ్మ. "ఇదిగో, ఈవిడ సంచిలో ఎంతుంది? అది చెప్పు!"

అని, ఆ మాట దగ్గరే ఆగిపోయింది. కొట్టువాడు తన పని అయిపోయిందనుకుని బిగుసుకుపోయాడు. ఆవిడ వాణ్ణి చూడటం లేదు. ఊళ్ళో కాటాలన్నీ సోదా చేసిన మనిషి ఇంట్లో కాటాను సోదా చెయ్యలేదు. మనవాళ్ళే కదా అనుకుంది!

సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులు విడిచి, మిషనూ సోదా పుస్తకమూ బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. మెమొరీలో రీడింగులు ఒక్కొక్కటే వెనక్కి నొక్కుతూ తారీఖు, టైము సరిచూసింది. అరవైలో ఆవిడవి పదకొండు. మిగతా నలభై తొమ్మిదీ ఇంటిల్లిపాదివీ.

"ఏమండీ, ఒకసారి ఇలా రండి. ఈ పదకొండింటికి సగటు కట్టండి."

లెక్చరర్ గారు ఉత్సాహంగా వచ్చి నోటితోనే కట్టేశాడు. "నూట యాభై ఎనిమిది బై తొంభై ఆరు. ఎవరివివి? వెంటనే డాక్టరుకి చూపించాలే!"

"నావి."

ఆయన ముఖం పాలిపోయింది. "అయ్యో... ఎన్ని ఎక్కువ రీడింగులుంటే అంత కచ్చితంగా వస్తుందనుకున్నానే!"

"ఎవరి రీడింగులు?" అన్నది ఆవిడ. గొంతు పెంచలేదు. కళ్ళల్లో మాత్రం నీళ్ళు తిరిగాయి.

మర్నాడు ఒక్కతే ఆస్పత్రికి వెళ్ళి పుస్తకం చూపించింది. డాక్టరమ్మ కంగారుపడి మందు రాసింది. "ఈ మాట ముందే చెప్పొచ్చుగా మీరు?" అన్నది. "చెప్పబోయాను. మీరు మిషను వైపు చూస్తున్నారు" అన్నది ఇన్‌స్పెక్టరమ్మ. డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి, తలుపు దగ్గరున్న పేషెంటును కాసేపు ఆగమని చెప్పి, మొదటి నుంచి అడిగి విన్నది.

ఇక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఆ మహాతల్లి ఇంటికొచ్చి ఏం చేసిందో తెలుసా? సంచిలోంచి తీగ తీసింది. మిషను డబ్బా చుట్టూ బిగించి, సీసపు బిళ్ళ గుచ్చి, పట్టకారుతో సీలు నొక్కేసింది! పొద్దునా సాయంత్రం తనే తెంచి, గది తలుపేసుకుని అయిదు నిమిషాలు కూర్చుని, కొలుచుకుని, మళ్ళీ కొత్త సీలు. అత్తగారు "ఇదెక్కడి చోద్యమే!" అని బుగ్గలు నొక్కుకుంది. కూతురు కళ్ళజోడు వెతకడం, స్టవ్ ఆపడం నేర్చుకుంది.

అన్నిటికంటే ఘోరం లెక్చరర్ గారికి జరిగింది. నొక్కుదామంటే బటన్ లేదు, చూద్దామంటే అంకె లేదు. భార్య ఎలా ఉందో తెలుసుకునే దారి లేక రెండు రోజులు వరండాలో అటూ ఇటూ తిరిగాడు. మూడో రోజు సాయంత్రం కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చుని, కొత్త భాష మాట్లాడుతున్నవాడిలా తడబడుతూ అడిగాడు.

"ఎలా ఉన్నావు?"

ఆవిడ చేతిలో సోదా పుస్తకం మూసి పక్కన పెట్టింది. తరవాత మొదలుపెట్టింది. చెప్పడం పూర్తయ్యేసరికి గంటా పది నిమిషాలు పట్టింది. ఆయన ఒక్కసారి కూడా లేవలేదు.

గంటా పది నిమిషాలండీ! మిషనైతే నలభై సెకన్లలో తేల్చేసేది. అందుకే మళ్ళీ చెబుతున్నాను, మీ ఇంట్లో మిషనుకు సీలు పడకుండా జాగ్రత్తగా చూసుకోండి. పొరపాటున పడిందా, మీరు కూడా అడగాల్సి వస్తుంది.